ఆఫ్ స్పిన్ నేర్చుకునే పిల్లలు, వాళ్ల నాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండుకు వస్తే ఒకే మైదానంలో ఏడెనిమిది మ్యాచులు నడుస్తుంటాయి. మన మిడాఫ్‌లో నిలబడ్డవాడు పక్క మ్యాచుకు స్లిప్పులో ఉన్నట్టు లెక్క. ఆ గోలలోనే ఒక మూలన నాలుగైదుగురు పిల్లలకు బంతి తిప్పడం చూపిస్తుంటాను. నేను సర్టిఫికెట్ ఉన్న కోచ్‌ను కాదు. ఇరవై ఏళ్లుగా ఆఫ్ స్పిన్ వేస్తూ, దెబ్బలు తింటూ, అప్పుడప్పుడు వికెట్లు తీస్తూ ఉన్నవాణ్ని. ప్రతి వారం వచ్చే ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఆఫ్ స్పిన్ అంటే ఏమిటి?

కుడిచేతి బౌలర్ వేళ్లతో తిప్పే బంతి. కుడిచేతి బ్యాటర్‌కు ఆఫ్ వైపు (బ్యాటర్ ముఖం తిరిగి ఉండే వైపు) పడి లోపలికి, కాళ్ల మీదికి వస్తుంది. ఎడమచేతి బ్యాటర్‌కైతే అదే బంతి బయటికి పోతుంది. ఇందులో అసలు పని చూపుడు వేలిది. లెగ్ స్పిన్‌లో మణికట్టుది పెత్తనం.

ఈ లెక్కకు అందని మనిషి ఒకడున్నాడు, శ్రీలంక మురళీధరన్. ఆయన ఆఫ్ స్పిన్నే వేశాడు కానీ మణికట్టుతో వేశాడు. టెస్టుల్లో 800 వికెట్లు. అలాంటి మణికట్టు మనకు లేదు కాబట్టి ఆయన్ని చూసి సంతోషపడాలి తప్ప, అనుకరించకూడదు.

బంతిని ఎలా పట్టుకోవాలి?

కుట్టు అడ్డంగా ఉండేలా బంతిని తిప్పుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు కాస్త ఎడంగా పెట్టి, రెండింటి పై కణుపులు కుట్టు మీద ఆనించండి. ఉంగరం వేలు మడిచి పక్కన ఆసరాగా పెట్టాలి. బొటనవేలు ఊరికే తాకుతూ ఉండాలి, నొక్కకూడదు. అరచేతికీ బంతికీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. అరచేతిలో కూరుకుపోయిన బంతి తిరగదు, జారుతుంది.

వదిలేటప్పుడు చెయ్యి ఎటు తిరగాలన్నది పిల్లలకు నోటితో చెబితే ఎక్కదు. అందుకే నేను ఇంట్లో నల్లా దగ్గరికి పొమ్మంటాను. నల్లా బంద్ చేసేటప్పుడు కుడిచెయ్యి ఎటు తిరుగుతుందో అటే తిరగాలి. ఆ తిప్పుడుతో పాటు చూపుడు వేలు కుట్టును గట్టిగా కిందికి లాగాలి. సరిగ్గా పడితే వేలి నుంచి 'చిట్' మని చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినిపించిన రోజు పిల్లవాడి ముఖం చూడాలి.

చిన్న పిల్లలకు వేళ్లు చాలవు. బలవంతంగా ఎడం చేయనివ్వకండి. వాళ్లకు సరిపడా బంతి ఇవ్వండి. నియమాల ప్రకారం మగవాళ్ల బంతి 155.9 నుంచి 163 గ్రాములు, ఆడవాళ్లది 140 నుంచి 151 గ్రాములు, పదమూడేళ్ల లోపు పిల్లలది 133 నుంచి 144 గ్రాములు. షాపులో అడిగి చిన్న సైజుదే కొనండి. 'ఎదుగుతాడు కదా' అని చెప్పులు కొన్నట్టు పెద్దది కొనొద్దు.

ముందు లైన్, లెంగ్త్ నేర్చుకోవాలా, తిప్పడం నేర్చుకోవాలా?

తిప్పడం. లైన్ అంటే బంతి ఏ వరసలో పడాలి, లెంగ్త్ అంటే ఎంత దూరంలో పడాలి అన్న గురి, అది తర్వాత. ఈ మాటకు నాతో గొడవపడే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు, అయినా నా మాట ఇదే.

నాకు పద్నాలుగేళ్లప్పుడు వేసవి క్యాంపులో ఒక సారు ఉండేవారు. నా బంతులు రెండు గాల్లో తేలి సిక్సర్లు పోయాయి. "గాల్లోకి లేపకు, జోరుగా వికెట్ల మీదికి కొట్టు, పరుగులు ఇయ్యకు" అన్నారు. బుద్ధిగా విన్నాను. మూడేళ్లు అలాగే వేశాను. ఓవర్‌కు నాలుగు పరుగులే ఇస్తున్నానని మా కెప్టెన్ సంతోషం. తర్వాత మ్యాటింగ్ (చాప పరిచిన పిచ్) మీద తోలు బంతితో ఆడాల్సి వచ్చినప్పుడు తెలిసింది, నేను స్పిన్నర్‌ను కాదు, మెల్లగా వేసే మీడియం పేసర్‌ను అని. వేలు తిప్పడం మరిచిపోయింది. దాన్ని మళ్లీ దారికి తేవడానికి రెండేళ్లు పట్టింది.

తిప్పగలిగిన పిల్లవాడికి గురి తర్వాత నేర్పవచ్చు, వందల బంతులు వేస్తే అదే వస్తుంది. గురి కోసం తిప్పడం చంపుకున్నవాడికి మాత్రం వేలిలో ఆ బలం, ఆ తెగింపు మళ్లీ తేవడం చాలా కష్టం. అందుకే మొదటి ఏడాది వైడ్లు పోనీ, ఫుల్ టాసులు పోనీ, నేను ఏమీ అనను. బంతి తిరగకపోతే మాత్రం అంటాను.

మా దగ్గర టెన్నిస్ బంతే ఉంది. దానితో ఆఫ్ స్పిన్ వస్తుందా?

వస్తుంది. కానీ టెన్నిస్ బంతి ఆట స్పిన్నర్‌ను పాడు చేస్తుంది. రెండూ నిజమే.

మన దగ్గర టోర్నమెంట్లు ఎక్కువగా ఆరేడు ఓవర్లవి. బౌండరీ చిన్నది. బంతి తేలికది, తగిలితే చాలు గోడ దాటుతుంది. అలాంటి ఆటలో ఏ కెప్టెనూ స్పిన్నర్‌ను గాల్లో వేయనివ్వడు. యార్కర్లు వేసేవాడికే గౌరవం. స్పిన్నర్ కూడా చెయ్యి విసిరేసి కాళ్ల దగ్గర కొట్టడం అలవాటు చేసుకుంటాడు. ఈ అలవాటు తోలు బంతి దగ్గరికి వచ్చేదాకా వదలదు, వచ్చాక కూడా వదలదు.

మరి మంచి ఏమిటంటే, తేలికైన బంతి కాబట్టి తిప్పితే గాల్లో దాని ఆట బాగా కనిపిస్తుంది. పక్కకు జరగడం, చివర్లో టక్కున దిగడం టెన్నిస్ బంతితో చూసినంత తేలిగ్గా తోలు బంతితో చూడలేం. కాబట్టి మ్యాచుల్లో మీ కెప్టెన్ చెప్పినట్టే వేయండి, గొడవ ఎందుకు. ప్రాక్టీసులో మాత్రం వేరే బంతి పెట్టుకోండి. కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు తీసుకుని టెన్నిస్ బంతి నడుం చుట్టూ ఒక్క వరస గట్టిగా చుట్టండి. కుట్టు తయారైంది. వేలికి పట్టు దొరుకుతుంది, అంతకంటే ముఖ్యంగా కళ్లకు సాక్ష్యం దొరుకుతుంది. బంతి సరిగ్గా తిరుగుతుంటే ఆ టేపు గాల్లో ఒకే గీతలా నిలబడి కనిపిస్తుంది. తప్పుగా వదిలితే ఊగుతుంది. బొంగరం ఆడినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: జాలీ (బొంగరం తాడు) గట్టిగా లాగితే బొంగరం నిద్రపోయినట్టు నిలబడి తిరుగుతుంది, సగం సగం లాగితే తల ఊపుతూ పడిపోతుంది.

నెట్స్ లేవు, తోడు కూడా లేరు. ఒక్కణ్నే ఎలా ప్రాక్టీసు చేయాలి?

మంచం మీద కూర్చుని కూడా చేయవచ్చు. టేపు బంతిని కుడిచేతితో తిప్పి ఎడమచేతిలోకి వేసుకోవడం, టీవీ చూస్తూ రోజుకు రెండు వందల సార్లు. ఇంట్లోవాళ్లు తిడతారు, పర్వాలేదు.

ఆ తర్వాత గోడ. పది అడుగుల దూరం నుంచి, పరుగు లేకుండా, గోడ ముందు నేల మీద పడేలా వేసి ఎంత తిరిగిందో చూడండి. ఇది కుదిరాక ఒక పెద్ద తాడు సంపాదించి రెండు కట్టెలకు మనిషి తల కంటే ఎత్తులో కట్టండి. బంతి ఆ తాడు పైనుంచి పోయి, గుడ్ లెంగ్త్‌లో, అంటే బ్యాటర్ ముందుకు రావాలా వెనక్కి పోవాలా అని తడబడే చోట, పెట్టిన గోనె సంచి మీద పడాలి. గాల్లోకి ఎత్తి వేయడం అంటే భయపడే పిల్లలకు ఇంతకంటే మంచి మందు నేను చూడలేదు.

పరుగు, కాళ్లు, భుజాలు ఎలా ఉండాలి?

నాలుగైదు అడుగులు చాలు. వదిలే ముందు ఎడమ భుజం బ్యాటర్ వైపు చూడాలి. ముందు కాలు పడ్డాక ఆ మునివేళ్ల మీద శరీరం మొత్తం గిర్రున తిరగాలి, కుడి మోకాలు ముందుకు దూసుకురావాలి. వేలు ఒక్కటే తిప్పితే కొంతే తిరుగుతుంది. నడుము కూడా తిరిగితేనే బంతికి ప్రాణం వస్తుంది. మీ షూ గుర్తు చూడండి: ముందు కాలు పడిన చోట మట్టిలో గుండ్రంగా చిన్న గుంట పడుతుంటే మీరు సరిగ్గా తిరుగుతున్నారు. గీతలా ఉంటే తిరగడం లేదు.

బంతి గాల్లో పక్కకు పోయి మళ్లీ లోపలికి వస్తుంది. ఇది ఎలా?

ఇదే ఆఫ్ స్పిన్‌లో నాకు అన్నింటికంటే ఇష్టమైన విషయం, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

తిరుగుతూ పోయే బంతి తన చుట్టూ ఉన్న గాలిని కూడా కొంత తనతో తిప్పుతుంది. దానితో బంతి వెనక గాలి ఒక పక్కకు వంగి పోతుంది, బంతి రెండో పక్కకు జరుగుతుంది. దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. ఆఫ్ స్పిన్ బంతి కుడిచేతి బ్యాటర్‌కు గాల్లో బయటికి, స్లిప్ (వికెట్ కీపర్ పక్కన ఆఫ్ వైపు నిలబడే ఫీల్డర్) వైపు తేలుతుంది. బ్యాటర్ బయటి బంతి అనుకుని అటు బ్యాటు తెస్తాడు. నేల తాకగానే లోపలికి తిరుగుతుంది. బ్యాటుకూ ప్యాడుకూ మధ్య తలుపు తీసి ఉంటుంది.

దీనికి కాస్త టాప్ స్పిన్ కలిపితే, అంటే బంతి పై భాగం బ్యాటర్ వైపు దొర్లేలా వేస్తే, అది అనుకున్నదానికంటే ముందే దిగుతుంది. ముందుకొచ్చి కొడదామనుకున్నవాడికి బంతి అందదు. కుట్టు లెగ్ స్లిప్ (కీపర్‌కు రెండో పక్క, బ్యాటర్ వీపు వెనక) వైపు చూస్తూ తిరిగితే పక్కకు తిరగడం, దిగడం రెండూ దొరుకుతాయి.

ఇదంతా ఎంత తిప్పారన్న దాని మీదే ఉంటుంది. తిప్పకుండా గాల్లోకి ఎత్తిన బంతి లడ్డూ. తిప్పి ఎత్తిన బంతి ఫ్లైట్. బయటి నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఆ రోజు క్యాంపులో మా సారుకు కూడా అలాగే కనిపించి ఉంటాయి.

ఏ లైన్‌లో వేయాలి?

కుడిచేతి బ్యాటర్‌కు ఆఫ్ స్టంప్ బయట నాలుగైదు అంగుళాల దూరంలో పడి, స్టంప్స్ మీదికి రావాలి. డ్రైవ్ ఆడాలనిపించాలి, ఆడితే చిక్కుకోవాలి. కాళ్ల మీద వేస్తే ఎంత తిరిగినా లెగ్ సైడుకు తోసేస్తాడు.

పిచ్ చూసి మార్చుకోండి. మన వైపు ఒక ఊళ్లో ఎర్ర చెలక, పక్క ఊళ్లో నల్లరేగడి. ఎర్రమట్టి పిచ్ మీద బంతి ఎగురుతుంది, పైపొర విరిగితే బాగా తిరుగుతుంది. అక్కడ బయటినుంచి తిప్పండి. నల్లమట్టి పిచ్ మీద బంతి తక్కువ ఎత్తులో, మెల్లగా వస్తుంది. అక్కడ స్టంప్స్‌కు దగ్గరగా వేస్తే ఎల్బీడబ్ల్యూ (స్టంప్స్‌కు తగలాల్సిన బంతి కాలికి తగిలి ఔటవడం), బౌల్డ్ దొరుకుతాయి. మ్యాటింగ్ మీద అందరికీ తిరుగుతుంది. అక్కడ నాలుగు వికెట్లు తీశానని ఇంటికెళ్లి గొప్పలు చెప్పకండి.

రౌండ్ ది వికెట్ ఎప్పుడు రావాలి?

రౌండ్ ది వికెట్ అంటే మనం మన వైపు స్టంప్స్‌కు కుడి పక్క నుంచి వచ్చి వేయడం, ఎడమ పక్క నుంచి వస్తే ఓవర్ ది వికెట్. రౌండ్ రావాల్సింది ఎడమచేతి బ్యాటర్ వచ్చినప్పుడు. బంతి వాడి మీదికి వస్తున్నట్టు వచ్చి, పడ్డాక బయటికి పోతుంది. తిరగకుండా నేరుగా పోయినా ప్యాడుకు తగలవచ్చు. మన ఆఫ్ స్పిన్నర్ అశ్విన్ ఈ కోణాన్ని ఒక శాస్త్రంలా వాడాడు. టెస్టుల్లో ఎడమచేతి బ్యాటర్లను 200 సార్లు ఔట్ చేసిన మొదటి బౌలర్ ఆయనే.

కుడిచేతివాడికి కూడా బంతి మరీ ఎక్కువ తిరుగుతున్నప్పుడు రౌండ్ రావచ్చు. ఓవర్ ది వికెట్ నుంచి ఎక్కువ తిరిగిన బంతి లెగ్ స్టంప్ దాటిపోతుంది కాబట్టి అంపైర్ ఎల్బీ ఇవ్వడు. రౌండ్ నుంచి స్టంప్స్ లైన్‌లో పడి స్టంప్స్‌కే తగిలేలా వేయవచ్చు. లెగ్ స్టంప్ బయట పడిన బంతికి మాత్రం ఏం చేసినా ఎల్బీ లేదు, ఎంత అరిచినా.

ఫీల్డు ఎలా పెట్టుకోవాలి?

తోలు బంతితో అయితే ఒక స్లిప్, ఒక షార్ట్ లెగ్, మిడ్‌వికెట్, మిడాన్, మిడాఫ్, కవర్. మిగిలినవాళ్లను బ్యాటర్‌ను బట్టి పెట్టుకోండి. లెగ్ సైడులో స్క్వేర్ వెనక ఇద్దరికంటే ఎక్కువ ఉంటే నో బాల్, అది గుర్తుంచుకోండి. షార్ట్ లెగ్ అంటే బ్యాటర్‌కు అతి దగ్గరగా, కాళ్ల వైపు నిలబడే చోటు, అక్కడ హెల్మెట్ లేకుండా పిల్లల్ని నిలబెట్టకండి. ఈ విషయంలో మాత్రం నేను మొహమాటం లేకుండా తిడతాను.

సిక్స్ కొట్టాక ఏం వేయాలి?

"అన్నా, సిక్స్ పోయినంక టెన్షన్ అయితది, చెయ్యి బిగుసుకపోతది" అని పోయిన నెల ఒక పిల్లవాడు అన్నాడు. అందరికీ అంతే. భయపడ్డ స్పిన్నర్ తర్వాతి బంతి జోరుగా, పొట్టిగా వేస్తాడు. బ్యాటర్ దానికోసమే కాచుకుని ఉంటాడు.

మళ్లీ ఎత్తి వేయండి. అంతే ఎత్తు, ఇంకాస్త ఎక్కువ తిప్పుడు, కొంచెం బయటగా. వాడు మళ్లీ అదే కొట్టాలనుకుంటాడు, ఈసారి బంతి ముందే దిగుతుంది. రెండోది కూడా సిక్స్ పోవచ్చు. పోనివ్వండి. "తమ్మీ, తిరిగి పోయిందా, తిరగక పోయిందా?" అని మాత్రం నేను అడుగుతాను.

దూస్రా నేర్పిస్తారా?

నేర్పించను. దూస్రా అంటే ఆఫ్ స్పిన్ వేసినట్టే చెయ్యి తిప్పి, బంతిని అటు వైపు, కుడిచేతి బ్యాటర్‌కు బయటికి తిప్పడం. దీన్ని లోకానికి బాగా పరిచయం చేసింది పాకిస్థాన్ ఆఫ్ స్పిన్నర్ సక్లైన్ ముస్తాక్. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. కానీ మోచెయ్యి వంచకుండా అది వేయడం చాలా కొద్దిమందికే సాధ్యం. వదిలేటప్పుడు మోచెయ్యి 15 డిగ్రీలకు మించి చాపితే ఐసీసీ నియమాల ప్రకారం అది త్రో. సయీద్ అజ్మల్ అంతటివాణ్నే 2014లో యాక్షన్ మీద సస్పెండ్ చేశారు.

మన గ్రౌండ్లలో డిగ్రీలు కొలిచేవాళ్లు లేరు. 'బట్టా, బట్టా' (విసురుతున్నాడు) అని అరిచేవాళ్లు ఉన్నారు. ఆ పేరు ఒకసారి పడితే వదలదు.

మరి క్యారమ్ బాల్?

అది నేర్చుకోవచ్చు, కానీ పదిహేనేళ్లు దాటాక. బంతిని బొటనవేలికీ మడిచిన మధ్య వేలికీ మధ్య పట్టుకుని, క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ కొట్టినట్టు మధ్య వేలితో ఎగరగొట్టాలి. 2008లో శ్రీలంక బౌలర్ అజంతా మెండిస్ దీనితో మన బ్యాటర్లను తికమక పెట్టాడు. తర్వాత అశ్విన్ దాన్ని మన సొంతం చేశాడు.

అంతకంటే ముందు తేలికైన ఆయుధం ఒకటి ఉంది, ఆర్మ్ బాల్. అదే పరుగు, అదే చెయ్యి, కానీ కుట్టు నిలువుగా పట్టుకుని తిప్పకుండా వదిలేయడం. తిరుగుతుందనుకున్న బంతి నేరుగా వెళ్లి స్లిప్‌కు క్యాచ్ ఇస్తుంది. అసలు బంతి బాగా తిరిగితేనే ఇది పని చేస్తుంది. ఎప్పుడూ తిరగని బౌలర్‌కు ప్రతి బంతీ ఆర్మ్ బాలే కదా.

మా అమ్మాయి లెగ్ స్పిన్ వేస్తానంటోంది. ఆఫ్ స్పిన్‌కు మార్చాలా?

దయచేసి మార్చకండి. లెగ్ స్పిన్ కష్టం, నిజమే. నిలకడ ఆలస్యంగా వస్తుంది. కానీ గోదావరి ఒడ్డున భద్రాచలం నుంచి వచ్చిన గొంగడి త్రిష లెగ్ స్పిన్నే వేస్తుంది. 2025 అండర్ 19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్లో 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది, టోర్నమెంట్ మొత్తానికి ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. ఆఫ్ స్పిన్ మీద మనసుంటే దీప్తి శర్మను చూపించండి, 2025 మహిళల వన్డే ప్రపంచకప్‌లో 22 వికెట్లు. ఎడమచేతి స్పిన్‌కు కడప అమ్మాయి శ్రీ చరణి ఉంది. పిల్ల చేతికి ఏది సహజంగా వస్తే అదే వేయనివ్వండి.

ఫాస్ట్ బౌలింగ్ గురించి చెప్పరా?

నాది ఆ వీధి కాదు. రెండు మాటలు చెబుతాను. కొత్త బంతి స్వింగ్ కావాలంటే కుట్టు నిలువుగా, ఊగకుండా పోవాలి. స్లిప్స్ వైపు వాలిస్తే అవుట్ స్వింగ్, లెగ్ స్లిప్ వైపు వాలిస్తే ఇన్ స్వింగ్. ఒక పక్క మెరుపు కాపాడుకోవాలి. గల్లీ నుంచి వచ్చేవాళ్లకు తోలు బంతి అందదు అనుకుంటే సిరాజ్‌ను చూడండి. హైదరాబాద్‌లో టెన్నిస్ బంతితో మొదలుపెట్టినవాడే, 2025లో ఇంగ్లండ్ మీద ఐదు టెస్టుల్లో 23 వికెట్లు తీశాడు.

ఎవరి బౌలింగ్ చూసి నేర్చుకోవాలి?

హైదరాబాద్‌ది ఆఫ్ స్పిన్ ఇల్లు. గులాం అహ్మద్ 22 టెస్టుల్లో 68 వికెట్లు తీశాడు. 1955లో ఫతే మైదానంలో న్యూజిలాండ్‌తో జరిగిన టెస్టుకు భారత కెప్టెన్ ఆయనే. 1956లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద 49 పరుగులకు 7 వికెట్లు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో జిమ్ లేకర్ అనే మరో ఆఫ్ స్పిన్నర్ అదే ఆస్ట్రేలియాను ఒక్క టెస్టులో 19 వికెట్లతో కూల్చాడు. తర్వాత శివలాల్ యాదవ్ 35 టెస్టుల్లో 102 వికెట్లు, ఆయన వెనక అర్షద్ అయూబ్. హైదరాబాద్ బయట, పాత వీడియోలు దొరికితే ఆ కాలపు భారత ఆఫ్ స్పిన్నర్ ప్రసన్న చేతిని చూడండి. ఈ తరంవాళ్లలో అశ్విన్ తర్వాత నేను పిల్లలకు చూపించేది ఆస్ట్రేలియా నాథన్ లయన్‌ను. మాయలు తక్కువ, తిప్పుడు ఎక్కువ, మళ్లీ మళ్లీ అదే బంతి.

మా బాబుకు పదేళ్లు. రోజుకు ఎన్ని బంతులు వేయాలి?

ముప్పై, నలభై మించకూడదు, వారంలో రెండు రోజులు సెలవు. పూర్తి పిచ్ 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. పదేళ్ల పిల్లవాడు అంత దూరం అందుకోవాలంటే విసరాల్సిందే, విసిరితే తిప్పడం పోతుంది. పదహారు గజాల దగ్గర నుంచి వేయించండి. భుజం నొప్పి అంటే ఆ రోజుకు ఫీల్డింగే.

వేలి చర్మం ఊడిపోతోంది. ఏం చేయాలి?

సంతోషించాలి, సరిగ్గా తిప్పుతున్నారన్నమాట. పుండు పడితే మానేదాకా ఆగండి. రాత్రి కాస్త కొబ్బరినూనె రాయండి. టేపు చుట్టుకుని మ్యాచ్‌లో వేయాలంటే అంపైర్‌ను అడగాలి.

చలికాలం పొద్దున మంచుకు బంతి తడిసిపోతే?

డిసెంబరు, జనవరిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో ఏడున్నర దాకా గడ్డి తడిగానే ఉంటుంది. తడి బంతి వేళ్లలోంచి జారుతుంది. నడుముకు ఒక పాత తువ్వాల దోపుకోండి, ప్రతి బంతికీ తుడవండి, ఎండు మట్టిలో వేళ్లు రుద్దుకోండి. టాస్ గెలిస్తే ముందు బ్యాటింగ్ తీసుకోమని కెప్టెన్‌కు చెప్పండి. వినకపోతే మొదటి రెండు ఓవర్లు పేసర్లకే ఇవ్వమనండి, ఎండ వచ్చేసరికి మీకు బంతి అందుతుంది.